ఎన్ని సెల్ఫ్ ఇంప్రూవ్‌మెంట్ వీడియోలు చూసినా మారట్లేదా? చూసింది చేతికి అలవాటయ్యేలా చేసుకోవడం ఎలా – స్టెప్ బై స్టెప్

"కాన్ఫిడెన్స్ పెరగాలంటే ఏం చదవాలి?", "కమ్యూనికేషన్ స్కిల్స్‌కి మంచి కోర్సు ఉంటే చెప్పండి", "రోజూ సైకాలజీ వీడియోలు చూస్తున్నా, చూసినంతసేపు బాగానే ఉంటుంది, మర్నాటికి మళ్ళీ మామూలే, నాలోనే ఏదైనా లోపం ఉందా?" ఈ మూడు ప్రశ్నలు నన్ను ఎవరో ఒకరు అడగని వారం లేదు. ఒక్కొక్కళ్ళకీ విడిగా రాసి పంపే బదులు మొత్తం ఒకచోట పెడదామని ఇది రాస్తున్నా.

ముందు ఆ మూడోదానికి జవాబు. మీలో లోపమేం లేదు. చూడటం వేరు, చేయగలగడం వేరు. ఈత మీద వంద వీడియోలు చూసినా నీళ్ళలోకి దిగితే మునుగుతాం, ఇది అందరికీ తెలుసు, కానీ నలుగురిలో మాట్లాడటం, కోపం ఆపుకోవడం, కుదరదని చెప్పడం, పని టైమ్‌కి మొదలుపెట్టడం కూడా ఈత లాంటివే అని మాత్రం ఎందుకో తోచదు, వింటే వచ్చేస్తాయి అనుకుంటాం. రావు. వచ్చే దారి కింద రాశా, నేను ఇదే దారిలో నేర్చుకున్నా, ఇంకా నేర్చుకుంటున్నా.

కావాల్సినవి

- ఒక మామూలు నోట్‌బుక్, పెన్ను. ఫోన్లో రాసుకున్నా పర్లేదు గానీ ఫోన్ తెరిస్తే వేరే వాటిలోకి వెళ్ళిపోయే అలవాటుంటే కాగితమే మేలు.
- ఫోన్లో ఉండే వాయిస్ రికార్డర్.
- మొహమాటపడకుండా ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఒక్కరు. ఫ్రెండ్, తోబుట్టువు, ఆఫీసులో కొలీగ్, ఎవరైనా సరే.
- రోజుకి 20 నిమిషాలు.
- రెండు మూడు నెలల ఓపిక.

అక్కర్లేనివి కూడా చెప్తా: కొత్త కోర్సు, డబ్బులు కట్టే యాప్, పర్సనాలిటీ టెస్టు. ఇవేవీ ఇప్పుడొద్దు. మీ దగ్గర ఆల్రెడీ ఉన్న ఒక పుస్తకమో ఒక వీడియోనో చాలు.

ఒక ముఖ్యమైన మాట. కొన్ని వారాలుగా నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఉన్నట్టుండి గుండె దడ, బతకాలనిపించకపోవడం లాంటివి ఉంటే ఇది మీకు సరిపడే దారి కాదు, ముందు డాక్టర్నో సైకాలజిస్టునో కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం ఈరోజే, ఇప్పుడే ఎవరికైనా చెప్పండి, ఆలస్యం చేయొద్దు. స్కిల్స్ తర్వాతైనా నేర్చుకోవచ్చు.

స్టెప్ 1: ఒక్కటే తీసుకోండి, అదీ కంటికి కనబడేది

ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు కాబట్టి దీనిమీద కాస్త ఎక్కువ రాస్తా.

"కాన్ఫిడెన్స్ పెంచుకోవాలి", "లీడర్‌షిప్ క్వాలిటీస్ రావాలి", "ఎమోషనల్‌గా స్ట్రాంగ్ అవ్వాలి". ఇవన్నీ కోరికలు, స్కిల్స్ కావు. ఈరోజు సాయంత్రం 5 గంటలకి ఏం చేయాలి అంటే వీటిలో ఒక్కదానికీ సమాధానం ఉండదు. అందుకని నేను చెప్పే పరీక్ష ఏంటంటే, మీరు రాసుకున్న విషయాన్ని గది మూలన ఉన్న కెమెరా రికార్డ్ చేయగలదా? చేయగలిగితే అది స్కిల్. లేకపోతే ఇంకా విడగొట్టాలి.

"కాన్ఫిడెన్స్" అనేది కెమెరాకి కనబడదు. "మీటింగ్ మొదలైన పది నిమిషాల్లోపు ఒక్కసారైనా నోరు తెరిచి నా మాట చెప్పడం" కనబడుతుంది. "మంచి లిజనర్ అవ్వడం" కనబడదు. "అవతలివాళ్ళు మాట ముగించేదాకా అడ్డుపడకుండా ఉండటం" కనబడుతుంది. "క్రమశిక్షణ" కనబడదు, "కుర్చీలో కూర్చున్న ఐదు నిమిషాల్లో ఆ రోజు పని ఫైల్ తెరవడం" కనబడుతుంది. "కోపం తగ్గించుకోవాలి" కన్నా "కోపంగా రాసిన మెసేజ్‌ని అరగంట ఆగి పంపడం" మేలు.

చాలామంది చేసే తప్పు ఏంటంటే ఒకేసారి ఐదు మొదలెడతారు, పొద్దున్నే లేవడం, ధ్యానం, పుస్తకం, వ్యాయామం, డైరీ, అన్నీ ఒకే సోమవారం నుంచి, గురువారం కల్లా ఒకటి తప్పుతుంది, ఆదివారం కల్లా అన్నీ పోతాయి, "నా వల్ల కాదు" అన్న నమ్మకం మాత్రం ఇంకొంచెం బలపడుతుంది. ఒక్కటి. నిజంగా ఒక్కటే.

ఏది తీసుకోవాలో తేలట్లేదా? ఒక వారం ఆగండి. ప్రతి రాత్రి నోట్‌బుక్‌లో ఒకే ఒక్క వాక్యం రాయండి: "ఈరోజు ఎక్కడ తడబడ్డా?" ఏడు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే విషయం రెండు మూడుసార్లు వచ్చి ఉంటుంది, దాన్నే పట్టుకోండి.

స్టెప్ 2: ఇప్పుడు ఎలా ఉన్నారో లెక్క తీయండి

నేర్చుకోవడం మొదలుపెట్టకముందే ఒక వారం పాటు ఊరికే లెక్కపెట్టండి. ఏం మార్చొద్దు, లెక్క మాత్రమే.

నా సంగతే చెప్తా. నేను అవతలివాళ్ళ మాటకి అడ్డుపడతానని ఒకరిద్దరు అంటే నాకు నచ్చేది కాదు, నేను బాగా వింటాననే నా గట్టి నమ్మకం. ఒకసారి టీమ్ కాల్ అందరి పర్మిషన్‌తో రికార్డ్ అయింది, రాత్రి కూర్చుని ఆ అరగంట మొత్తం విన్నా, పక్కన కాగితం పెట్టుకుని నేను ఎవరి మాటలో దూరితే ఒక గీత గీశా. పదకొండు గీతలు. అందులో నాలుగుసార్లు ఒకే మనిషి మాటలో. ఆమె నాలుగోసారి తర్వాత కాల్ అయ్యేదాకా ఇంకేం మాట్లాడలేదు, ఆ సంగతి కాల్‌లో ఉన్నప్పుడు నేను గమనించనే లేదు. ఎవరు ఎంత చెప్పినా ఎక్కనిది ఆ పదకొండు గీతలు చూశాక ఎక్కింది.

మన గురించి మన అంచనా ఎంత తప్పుతుందో చూపించిన ప్రయోగం ఒకటుంది. జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1999లో ప్రచురించారు. లాజిక్, గ్రామర్ లాంటి పరీక్షలు పెట్టి, ఎలా రాశామనుకుంటున్నారో కూడా అడిగారు. బాగా తక్కువ మార్కులొచ్చినవాళ్ళ అసలు స్థానం సగటున వందలో కింది నుంచి 12 దగ్గర ఉంటే, వాళ్ళు మాత్రం 62 దగ్గర ఉన్నామని అనుకున్నారు. కాబట్టి "నాకు నా గురించి తెలుసు" అనే మాట పక్కన పెట్టి గీతలు గీయండి.

జాగ్రత్త: వేరేవాళ్ళు ఉన్న కాల్స్, మీటింగ్స్ వాళ్ళకి చెప్పకుండా రికార్డ్ చేయొద్దు. అది తప్పు, కొన్నిచోట్ల చట్టరీత్యా కూడా ఇబ్బంది. పర్మిషన్ దొరక్కపోతే కాగితం మీద గీతలే గీయండి, లేదంటే మీ మనిషిని అడగండి, "ఈ వారం నేను ఎన్నిసార్లు అడ్డుపడ్డానో లెక్కపెట్టి చెప్పవా" అని.

స్టెప్ 3: కొంచెమే చదవండి, మూసేసి రాయండి

ఇప్పుడు చదవండి, చూడండి. కానీ మీ ఒక్క స్కిల్‌కి సంబంధించిందే, అదీ పది నిమిషాలకి మించకుండా. పది నిమిషాలవ్వగానే పుస్తకం మూసేయండి, వీడియో ఆపేయండి, ఖాళీ పేజీ మీద గుర్తున్నదంతా రాయండి. మొదట్లో మూడు ముక్కలు కూడా రావు, కంగారు పడొద్దు. రాశాక మళ్ళీ తెరిచి ఏం మిస్సయ్యిందో చూడండి.

ఇది ఎందుకంటే, మళ్ళీమళ్ళీ చదివితే వచ్చినట్టు అనిపిస్తుంది, ఆ "అనిపించడం"లోనే మోసం ఉంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే సైకాలజిస్టులు 2006లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో కొంతమంది ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివారు, కొంతమంది ఒక్కసారి చదివి మూడుసార్లు చూడకుండా గుర్తు చేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే తిరగబడింది, చదివినవాళ్ళకి సుమారు 40 శాతం గుర్తుంటే, రాసుకున్నవాళ్ళకి 61 శాతం గుర్తుంది. వీడియో అయిపోగానే మనకి అంతా వచ్చేసినట్టు ఎందుకుంటుందో, వారానికి ఎందుకు ఏం మిగలదో ఇక్కడ తెలిసిపోతుంది.

అదే విషయాన్ని మర్నాడు ఒకసారి, మూడు రోజులకి ఒకసారి, వారానికి ఒకసారి చూడకుండా రాయండి. ఒక్కోసారికి రెండు నిమిషాలు కూడా పట్టదు. మర్చిపోవడం మొదటి గంటల్లోనే ఎక్కువగా ఉంటుందని, గ్యాప్ ఇచ్చి చదివితే తక్కువ శ్రమతో నిలుస్తుందని జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తనే ప్రయోగం చేసుకుని 1885లోనే రాశాడు. పాత సంగతే, మనం వాడుకోవట్లేదు.

రాసే అలవాటు లేదా? పైకి చెప్పి రికార్డ్ చేసుకోండి, ఎవరికైనా పాఠం చెప్తున్నట్టు. ఎక్కడ నత్తి పడితే అక్కడ రానట్టు లెక్క.

ఇక్కడే ఇంకోటి. "నేను విజువల్ లెర్నర్‌ని, నాకు చదివితే ఎక్కదు" అని చాలామంది అంటారు. మనిషికో లెర్నింగ్ స్టైల్ ఉంటుంది, దానికి తగ్గట్టు చెప్తేనే ఎక్కుతుంది అన్నదానికి సరైన ఆధారం లేదని 2008లో నలుగురు సైకాలజిస్టులు ఉన్న పరిశోధనలన్నీ తిరగేసి తేల్చారు. ఇష్టం వేరు, ఎక్కడం వేరు. కాబట్టి ఆ లేబుల్ వదిలేయండి.

స్టెప్ 4: "అయితే – అప్పుడు" వాక్యం రాయండి

చదివినదాంట్లోంచి ఒక్క పని తీసి, అది ఎప్పుడు ఎక్కడ చేస్తారో ఒక వాక్యంలో కట్టేయండి. ఇలా:

"ఎవరైనా మాట్లాడుతుండగా నాకు పాయింట్ తడితే, అప్పుడు నోరు తెరవకుండా కాగితం మీద ఒక్క పదం రాసుకుంటా."

"ఎవరైనా కొత్త పని ఇస్తే, అప్పుడు వెంటనే సరే అనకుండా, చూసి గంటలో చెప్తా అంటా."

"కుర్చీలో కూర్చోగానే, అప్పుడు ముందు పని ఫైల్ తెరిచి ఆ తర్వాతే మెయిల్ చూస్తా."

చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ సైకాలజీలో నిలబడిన విషయాల్లో ఇదొకటి, పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు దీనిమీద ఏళ్ళ తరబడి పనిచేశాడు, 2006లో పాస్కల్ షీరన్‌తో కలిసి 94 పరీక్షల ఫలితాలు ఒకచోట చేర్చి చూస్తే, ఊరికే "చేస్తా" అనుకున్నవాళ్ళకన్నా ఇలా ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని కట్టుకున్నవాళ్ళు లెక్కలోకి వచ్చేంత ఎక్కువగా పని పూర్తిచేశారు. ఆ క్షణంలో ఏం చేయాలా అని ఆలోచించక్కర్లేదు, ముందే తేల్చేసుకున్నాం కదా, సందర్భం రాగానే పని దానంతట అదే గుర్తొస్తుంది.

సరిగ్గా రాశారో లేదో ఇలా చూసుకోండి:

- మొదటి సగం నిజంగా జరిగే సంఘటనేనా? "టైమ్ దొరికితే" అనేది సంఘటన కాదు, అది ఎప్పటికీ జరగదు.
- రెండో సగం చేసే పనా, మానేసే పనా? "అడ్డుపడను" అని రాస్తే ఆ క్షణంలో చేతులు ఖాళీ. బదులుగా ఏం చేస్తారో రాయండి.
- రెండో సగం ఒక నిమిషంలో అయిపోతుందా? కాకపోతే ఇంకా చిన్నది చేయండి.

స్టెప్ 5: నిజం సందర్భానికి ముందు ఇంట్లో రిహార్సల్ చేయండి

దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. వాక్యం రాసుకుంటారు, నేరుగా మేనేజర్ ముందు ప్రయోగిస్తారు, నోట మాట రాదు, అంతటితో ఆపేస్తారు.

"కుదరదు" అని చెప్పడమే తీసుకుందాం. ఒకరు నాకు ఇలా రాశారు, "సార్ పని ఇస్తే కాదనలేను, అన్నీ నెత్తిన వేసుకుంటా, రాత్రి పదకొండు దాకా అదే పని." వాళ్ళతో ఫోన్లో రిహార్సల్ చేశాం. నేను సార్‌ని.

"ఇదిగో ఈ రిపోర్ట్ రేపటికల్లా కావాలి."

"అంటే సార్... అదీ... ఇప్పుడు... సరే సార్, చేస్తా."

మొదటిసారి ఇంతే. రెండోసారి, "లేదు సార్, కుదరదు" అని విసురుగా వచ్చింది, అలా అంటే ఆఫీసులో గొడవే. అప్పుడు మాట మార్చాం, "కుదరదు" అనే బదులు ఎంపిక సార్‌కే వదిలేద్దాం అనుకున్నాం. ఐదోసారికి ఇలా వచ్చింది: "చేస్తాను సార్. ఇప్పుడు నా దగ్గర క్లయింట్ ఫైల్, నెలాఖరు లెక్కలు రెండూ రేపటికే ఉన్నాయి. ఈ మూడింట్లో ఏది ఎల్లుండికి జరపమంటారు?" ఇంకో నాలుగుసార్లు చెప్పించా, గొంతు వణకడం తగ్గేదాకా. మొత్తం పావుగంట పట్టింది. ఆ మాట ఆఫీసులో వాడింది మాత్రం తొమ్మిది రోజుల తర్వాత, ఆ సార్ ఒక్క క్షణం ఆలోచించి "సరే, లెక్కలు ఎల్లుండి ఇవ్వు" అన్నారట. అంతే, ఇంకేం జరగలేదు. ఇన్నాళ్ళూ భయపడింది దీనికా అని ఆ మనిషి చాలాసేపు మాట్లాడారు నాతో.

రిహార్సల్ ఎలా చేయాలంటే:

1. సందర్భంలో కష్టమైన ముక్క ఒక్కటే తీసుకోండి, మొత్తం సంభాషణ కాదు. మొదటి వాక్యం, లేదా అవతలివాళ్ళు ఎదురు ప్రశ్న వేసే చోటు.
2. పైకి చెప్పండి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు, మనసులో అందరం బాగానే మాట్లాడతాం.
3. రికార్డ్ చేసి వెంటనే వినండి. ఒక్క తప్పు మాత్రమే పట్టుకోండి.
4. దాన్ని సరిచేసి మళ్ళీ. ఐదు నుంచి పదిసార్లు.

పదివేల గంటలు చేస్తే ఎవరైనా మాస్టర్ అవుతారనే మాట వినే ఉంటారు. ఆ లెక్క బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో ప్రచురించిన పరిశోధన నుంచి పుట్టింది. ఇరవై ఏళ్ళ వయసుకి బాగా వాయించే గుంపు సగటు అది, అందులో చాలామంది అంతకన్నా తక్కువే చేశారు. గంటల కన్నా ఎలా సాధన చేశారనేది ముఖ్యమని ఎరిక్సనే తర్వాత గట్టిగా చెప్పాడు. రానిచోట ఆగి, తప్పు తెలుసుకుని, సరిచేసి మళ్ళీ చేయడం. మనకి కావాల్సింది ఆ ముక్క.

తోడు ఎవరూ లేకపోతే అద్దం వద్దు, అద్దంలో మొహం చూసుకుంటూ మాట మర్చిపోతాం. ఫోన్ రికార్డరే చాలు, అవతలివాళ్ళ మాటలు ముందే రికార్డ్ చేసి ప్లే చేసుకుంటూ జవాబు చెప్పండి.

స్టెప్ 6: మెట్లు కట్టుకుని ఎక్కండి

మీ స్కిల్ వాడాల్సిన సందర్భాలు ఐదు రాసి, తేలిక నుంచి కష్టానికి వరసలో పెట్టండి. అడ్డుపడకుండా వినడం అయితే: ఫోన్లో ఫ్రెండ్‌తో, ఇంట్లో మామూలు మాటల్లో, ఇద్దరు కొలీగ్స్‌తో, టీమ్ మీటింగ్‌లో, చివరికి మీకు అస్సలు ఒప్పుదల కాని విషయం మీద వాదన జరిగేటప్పుడు. ఒక మెట్టు మీద వరసగా మూడుసార్లు సజావుగా జరిగితేనే పై మెట్టు.

నేరుగా చివరి మెట్టు ఎక్కి చూపించాలనే తొందర వద్దు. "నేను చేయగలను" అన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో సైకాలజిస్టు ఆల్బర్ట్ బందూరా 1977లో రాశాడు, అన్నిటికన్నా బలమైన ఆధారం మనం స్వయంగా చేసి గెలిచిన అనుభవమే, ఎవరో ఇచ్చే ధైర్యవచనాలు దాని తర్వాతే. అంటే మోటివేషన్ వీడియో ఇవ్వలేని ధైర్యాన్ని రెండో మెట్టు మీద ఒక చిన్న గెలుపు ఇస్తుంది.

పై మెట్ల దగ్గర గుండె కొట్టుకోవడం మామూలే. "శాంతంగా ఉండు, శాంతంగా ఉండు" అని మనల్ని మనమే బలవంతం చేస్తే పెద్దగా పనిచేయదు. దానికి బదులు "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అనుకుని మొదలుపెట్టి చూడండి, అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో పాట పాడటం, ఉపన్యాసం, లెక్కలు మూడింట్లోనూ కంగారుని ఇలా ఉత్సాహంగా తీసుకున్నవాళ్ళు మెరుగ్గా చేశారు. గుండె దడ ఎలాగూ ఆగదు, దాని పేరు మార్చుకోవడం మన చేతిలో ఉంది. కోపం అయితే మాత్రం ఈ చిట్కా వద్దు, అక్కడ నుంచి కాసేపు లేచి వెళ్ళి, ఊపిరి నెమ్మదిగా వదిలి రావడమే మేలు.

స్టెప్ 7: వారానికొకసారి 15 నిమిషాలు లెక్క చూడండి

వారంలో ఒక రోజు, ఒకే టైమ్. నోట్‌బుక్ తెరిచి నాలుగు లైన్లు: ఎన్నిసార్లు సందర్భం వచ్చింది, ఎన్నిసార్లు చేశా, చేయనప్పుడు సరిగ్గా ఏం జరిగింది, వచ్చే వారం ఒక్కటి ఏం మారుస్తా.

మూడో లైన్ దగ్గర "బద్ధకం" అని రాయొద్దు. అది తిట్టు, కారణం కాదు. "నిద్ర తక్కువైంది", "ఆ రోజు కాగితం దగ్గర లేదు", "ఆయన గొంతు పెంచగానే నేనూ పెంచా" ఇలా జరిగింది రాయండి, దాన్నుంచే మార్పు దొరుకుతుంది. నాకు ఒక వారం మొత్తం గీతలు పెరిగాయి, చూస్తే అన్నీ సాయంత్రం కాల్స్‌లోనే, అలిసిపోయి ఉన్నప్పుడు. అప్పటినుంచి సాయంత్రం కాల్స్‌లో మైక్ ఆఫ్‌లోనే ఉంచుకున్నా, మాట్లాడాలంటే ఆన్ చేయాలి, ఆ ఒక్క క్షణం ఆలస్యమే నన్ను ఆపింది.

ఒకరోజు తప్పితే అంతా పోయినట్టు కాదు. 21 రోజులు చేస్తే అలవాటవుతుందనే మాట ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో రాసినదాన్నుంచి వచ్చింది, ఆపరేషన్ తర్వాత కొత్త మొహానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు, "కనీసం" అన్న మాట దారిలో ఎక్కడో రాలిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం అలవాటు దాదాపు దానంతట అదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా (12 వారాలు దాటిన అంకెలు లెక్కకట్టిన అంచనాలు). మధ్యలో ఒకరోజు తప్పితే పెద్దగా తేడా రాలేదని కూడా అందులోనే ఉంది. అందుకే 22వ రోజు ఇంకా కష్టంగానే ఉంటే దిగులు పడొద్దు, మామూలే.

వచ్చిందో లేదో తెలుసుకోవడం ఎలా

"ఇప్పుడు బెటర్‌గా ఫీలవుతున్నా" అనేది రుజువు కాదు. ఇవి చూడండి:

- స్టెప్ 2లో తీసిన లెక్క మళ్ళీ అదే పద్ధతిలో తీయండి, నాలుగో వారం, ఎనిమిదో వారం. నా పదకొండు గీతలు నాలుగో వారానికి ఆరు, ఎనిమిదో వారానికి రెండు.
- అలిసిపోయినప్పుడు, తొందరలో ఉన్నప్పుడు కూడా వస్తోందా? తీరిగ్గా ఉన్నప్పుడు మాత్రమే వస్తే ఇంకా సగం దారిలో ఉన్నారు.
- మీ మనిషిని అడగండి, కానీ "నేను మారానా" అని అడిగితే మొహమాటానికి అవునంటారు. "పోయిన వారంలో నేను నీ మాటకి అడ్డుపడ్డ సందర్భం ఒకటి చెప్పు" అని అడగండి. వెంటనే చెప్పేస్తే ఇంకా పని ఉంది. వెతుక్కోవాల్సి వస్తే మంచిదే.
- నోట్‌బుక్ రెండు వారాలు మూసేసి తర్వాత ఒక్కరోజు లెక్క తీయండి. అంకె పెద్దగా చెడకపోతే స్కిల్ మీదైనట్టే.

లెక్క కదలకపోతే

నాలుగు వారాలైనా అంకె అలాగే ఉంటే కొత్త కోర్సు కొనొద్దు, వరసగా ఇవి చూడండి. సందర్భమే సరిగా రావట్లేదేమో, వారానికి ఒక్కసారి వచ్చే సందర్భంతో నేర్చుకోవడం చాలా కష్టం, రోజూ వచ్చేది చూసుకోండి. వస్తున్నా గుర్తురావట్లేదంటే వాక్యంలో మొదటి సగం మార్చండి, కంటికి కనబడేదో చెవికి వినబడేదో పెట్టండి. గుర్తొచ్చినా చేయలేకపోతున్నారంటే పని పెద్దదైంది, సగం చేయండి, లేదంటే రిహార్సల్ చాలలేదు. చేస్తున్నా ఫలితం లేదంటే మీరు ఎంచుకున్నదే తప్పు కావచ్చు. అప్పుడు స్టెప్ 1కి వెళ్ళండి, అందులో చిన్నతనమేం లేదు.

ఒక్కోసారి సమస్య మీ స్కిల్ కానే కాదు. మీరు ఎంత మర్యాదగా అడిగినా అవతలి మనిషి అరుస్తూనే ఉంటే, ముగ్గురి పని మీ ఒక్కరి మీదే పెడుతుంటే, మీరు నో చెప్పడం ఇంకా బాగా నేర్చుకుంటే సరిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. అది చోటు మార్చాల్సిన, లేదా పైవాళ్ళకి రాసి ఇవ్వాల్సిన విషయం. ప్రతిదీ నాలోనే ఉన్న లోపం అనుకోవడం కూడా ఈ సెల్ఫ్ ఇంప్రూవ్‌మెంట్ అలవాటు తెచ్చిపెట్టే జబ్బే, నన్ను బాగా బాధపెట్టేది ఇదే.

ఎక్కువగా జారే మరికొన్ని చోట్లు

పర్సనాలిటీ టెస్టులో వచ్చిన నాలుగక్షరాలు (INFP లాంటివి, మీ స్వభావం ఇదీ అని చెప్పే కోడ్) చూపించి "నేను ఇంట్రోవర్ట్‌ని, స్టేజ్ ఎక్కడం నా వల్ల కాదు" అనేవాళ్ళు చాలామంది. కొన్ని వారాల తర్వాత అదే టెస్టు మళ్ళీ రాస్తే వేరే అక్షరాలు వచ్చేవాళ్ళు తక్కువేం కాదు. నలుగురిలో మాట్లాడి అలిసిపోవడం మీ స్వభావం అయ్యుండొచ్చు, కానీ మాట్లాడటం నేర్చుకోవడానికి అది అడ్డం కాదు, అయ్యాక విశ్రాంతి తీసుకోండి అంతే.

చదివిన సైకాలజీని ఎదుటివాళ్ళ మీద వాడటం ఇంకోటి. నాలుగు వీడియోలు చూసి భర్తకి, అత్తగారికి, బాస్‌కి జబ్బుల పేర్లు అంటించడం మొదలెడతారు. ఎవరికి ఏ జబ్బో తేల్చేది చదువుకున్న డాక్టర్లు. మనం మన గీతలు లెక్కపెట్టుకుందాం.

సక్సెస్ అయినవాళ్ళ దినచర్య మక్కీకి మక్కీ కాపీ కొట్టడం కూడా వద్దు. వాళ్ళ నిద్ర, వాళ్ళ ఇల్లు, వాళ్ళకున్న సాయం వేరు.

రెండో స్కిల్ ఎప్పుడు?

నోట్‌బుక్ మూసిన ఆ రెండు వారాల పరీక్షలో లెక్క నిలబడితే అప్పుడు. మొదటిదాన్ని పూర్తిగా వదిలేయకుండా నెలకి ఒక్క రోజు గీతలు గీయండి, నేను ఇప్పటికీ ప్రతి నెల మొదటి మీటింగ్‌లో గీస్తా. పోయిన నెల మూడు వచ్చాయి, అందుకని ఆ వారం మళ్ళీ కాగితం పక్కన పెట్టుకున్నా.